రాళ్ళను మాట్లాడించిన ఫూకే

ఈ ప్రత్యేక సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు నాకు వెంటనే న్యూటన్, ఐన్‌స్టీన్ వంటి పేర్లు గుర్తుకు రాలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రయోగశాలలో రాళ్ళు దంచి, జల్లించి, ఆమ్లాలలో కరిగించి, శాతాలు లెక్కకట్టిన వాణ్ణి నేను. మనం రోజూ చేసిన ఆ పనికి దారి వేసిన మనిషి పేరు మనలో చాలామందికి తెలియదు. భూగర్భశాస్త్రం చదివినవారు పాఠ్యపుస్తకంలో ఎక్కడో ఒక మూల చూసి ఉంటారు. ఆయన పేరు ఫెర్డినాండ్ ఆంద్రే ఫూకే. ఫ్రాన్స్ దేశస్థుడు. గ్రీసు దేశంలోని సాంటొరిని ద్వీపాల రాళ్ళలో ఏయే ఖనిజాలు ఉన్నాయో, అవి ఎలా పుట్టాయో, సముద్రం మధ్యన అంత పెద్ద గుండ్రని గొయ్యి ఎలా ఏర్పడిందో ఓపికగా తేల్చిచెప్పినవాడు.

ఆయన జీవితాన్ని ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఆయన పేరు నిలబెట్టిన పుస్తకాలన్నీ యాభై ఏళ్ళు దాటాక వచ్చినవే. వయస్సు మళ్ళింది, ఇక మన వల్ల ఏమవుతుంది అని నిట్టూర్చే మన వంటి వారికి ఇది తెలుసుకోదగిన విషయం.

బాల్యం, తొలి ఉద్యోగం

ఫూకే 1828 జూన్ 21న ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో మోర్తేన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఇరవై ఒకటో ఏట పారిస్‌లోని ఎకోల్ నార్మాల్‌లో చేరాడు. ఉన్నత విద్యాలయాలకు ఉపాధ్యాయులను తయారుచేసే ప్రసిద్ధ సంస్థ అది. చదువు అయిన తరువాత అక్కడే 1853 నుండి 1858 వరకు శాస్త్ర వస్తు సేకరణల సంరక్షకుడుగా పనిచేశాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే స్టోరు, మ్యూజియం రెండూ చూసుకునే ఉద్యోగం. నమూనా ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు అన్నది చీటీ మీద సరిగా లేకపోతే ఆ రాయి ఎందుకూ కొరగాదని మనకు తెలుసు. ఆ క్రమశిక్షణ ఆయనకు ఆ ఐదేళ్ళలోనే అబ్బి ఉంటుంది.

ఆ రోజుల్లో పారిస్‌లో సెయింట్ క్లెయిర్ డెవిల్ సోదరులు ఇద్దరు ఉండేవారు. తమ్ముడు హెన్రీ అల్యూమినియం తయారీలో పేరుపొందిన రసాయన శాస్త్రజ్ఞుడు. అన్న చార్లెస్ అగ్నిపర్వతాల పరిశోధకుడు. రసాయన శాస్త్రాన్ని అగ్నిపర్వతం అంచుకు తీసుకువెళ్ళాలన్నది చార్లెస్ ఆలోచన. ఆయన వెంట పనిచేసే అవకాశం ఫూకేకు దక్కింది. 1861 చివర్లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం పొంగినప్పుడు అక్కడి వాయువులను పరిశీలించిన వారిలో ఫూకే కూడా ఉన్నాడు.

వాయువుల లెక్క

1865లో సిసిలీ ద్వీపంలోని ఎట్నా అగ్నిపర్వతం పగిలి లావా పారింది. ఫూకే అక్కడికి వెళ్ళాడు. పొగ వస్తున్నదని దూరం నుండి రాసుకోవడంతో ఆయన తృప్తిపడలేదు. వేడి పగుళ్ళ దగ్గరకు వెళ్ళి, గాజు గొట్టాలలో వాయువులు పట్టి, మూతి కరిగించి మూసి, ఇంటికి తెచ్చి విశ్లేషించే పద్ధతి ఆయనది. అక్కడి ఒక చిన్న ముఖద్వారం నుండి వంద రోజుల్లో వెలువడిన ఆవిరిని నీరుగా మార్చితే 21 లక్షల ఘనపు మీటర్లు అవుతుందని ఆయన కట్టిన లెక్క చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. అగ్నిపర్వతం అంటే నిప్పు మాత్రమే కాదు, అందులో నీటి ఆవిరి పాత్ర ఎంత పెద్దదో ఆ అంకె చూపింది.

పగుళ్ళ నుండి వచ్చే వాయువులు ఇష్టం వచ్చినట్లు మారవనీ, వేడి తగ్గే కొద్దీ ఒక క్రమంలో మారతాయనీ చార్లెస్ డెవిల్ బృందం గుర్తించింది. మహా వేడిగా ఉన్నచోట క్లోరైడ్ లవణాలు, కొంత చల్లబడిన చోట హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గంధక వాయువులు, ఇంకా చల్లబడ్డాక హైడ్రోజన్ సల్ఫైడు, చిట్టచివరికి బొగ్గుపులుసు వాయువు. జ్వరం దిగుతున్న రోగి నాడి చూసి వైద్యుడు చెప్పినట్లు, వాయువును చూసి అగ్నిపర్వతం ఏ దశలో ఉందో చెప్పవచ్చునన్నమాట. అగ్నిపర్వతాల రసాయన ధర్మాలపై చేసిన ఈ కృషితో ఫూకే 1866లో డాక్టరేటు పొందాడు.

సాంటొరిని పిలుపు

అదే సంవత్సరం జనవరి చివర్లో సాంటొరిని మేల్కొంది.

ఈ ద్వీపాల స్వరూపం కొంచెం చెప్పాలి. ఏజియన్ సముద్రంలో నెలవంక ఆకారంలో తీరా అనే పెద్ద ద్వీపం, దానికి ఎదురుగా తీరేసియా, ఆస్‌ప్రొనీసి అనే రెండు చిన్న ద్వీపాలు ఉంటాయి. మూడూ కలిసి ఒక విరిగిన కంకణంలా కనిపిస్తాయి. లోపలివైపు దాదాపు 300 మీటర్ల ఎత్తున నిటారైన కొండగోడలు. వాటి కింద సుమారు 11 కిలోమీటర్ల పొడవు, 7 కిలోమీటర్ల వెడల్పు గల లోతైన సముద్రపు నీరు. ఇటువంటి గొయ్యిని కాల్డెరా అంటారు. స్పానిష్ భాషలో ఆ మాటకు పెద్ద గంగాళం అని అర్థం. ఆ గంగాళం నడుమ కామెనీ అనే నల్లని చిన్న దీవులు ఉన్నాయి. కామెనీ అంటే కాలినది అని అర్థం. 1570 ప్రాంతంలోనూ, 1707 నుండి 1711 వరకూ సముద్రం నుండి లావా పైకివచ్చి వాటిని పెంచింది.

1866లో నియా కామెనీ తీరాన నేల కుంగింది, నీళ్ళు మరిగాయి, ఇళ్ళు మునిగాయి. సముద్రంలో నుండి లావా దిమ్మ మెల్లగా పైకి పెరిగింది. నాటి గ్రీకు రాజు పేరు మీద దానికి జార్జియోస్ అని పేరు పెట్టారు. పక్కనే అఫ్రొయెస్సా అనే మరో దిమ్మ లేచింది. ఈ పొంగు 1870 అక్టోబరు వరకు సాగింది. ఫ్రెంచి శాస్త్ర అకాడమీ తరఫున ఫూకే బయలుదేరి వెళ్ళాడు. తరువాత 1867లో ఒకసారి, 1875లో మరోసారి వెళ్ళాడు.

ఆ దిమ్మల దగ్గర పని ప్రాణాలకు తెగించి చేయవలసిందే. ఆయన చేరడానికి ముందే ఫిబ్రవరిలో జరిగిన ఒక పేలుడులో దగ్గరలో ఉన్న ఓడ తగలబడి ప్రాణనష్టం జరిగింది. అయినా ఆయన పడవలో దిమ్మ దగ్గరకు వెళ్ళి, మరుగుతున్న నీటిలో నుండి బుడగలుగా వచ్చే వాయువులను పట్టుకున్నాడు. వాటిలో మండే హైడ్రోజన్ చెప్పుకోదగినంత ఉందని తేలింది. అంతవరకు అగ్నిపర్వతం మీద కనిపించేవి నిజమైన మంటలా, లేక ఎర్రని లావా వెలుగు పొగ మీద పడి మంటల్లా కనిపిస్తున్నదా అని వాదం ఉండేది. మండే వాయువు చేతికి చిక్కాక, నిజమైన మంటలూ ఉంటాయని ఒప్పుకోక తప్పలేదు.

గురువుల మాటా, కళ్ళు చూసినదా?

ఇక్కడే ఆయన జీవితంలోని అసలు పరీక్ష వచ్చింది.

అగ్నిపర్వతాల చుట్టూ ఉండే గుండ్రని కొండలు ఎలా పుట్టాయన్నదానిపై ఆనాడు రెండు పక్షాలు ఉండేవి. జర్మనీ శాస్త్రవేత్త లియోపోల్డ్ ఫాన్ బుఖ్ సిద్ధాంతం ప్రకారం, మొదట సమతలంగా పరిచి ఉన్న రాతిపొరలను భూగర్భంలోని శక్తి కింది నుండి బొబ్బలాగా పైకి నెట్టుతుంది. ఆ బొబ్బ నడిమిన పగిలి గొయ్యి పడుతుంది. దీనికి సాంటొరినిని మంచి ఉదాహరణగా చూపేవారు. ఫ్రాన్స్‌లో ఈ సిద్ధాంతానికి పెద్ద అండ ఎలీ ద బోమాన్. ఆయన సామాన్యుడు కాడు. శాస్త్ర అకాడమీకి శాశ్వత కార్యదర్శి. ఫూకే గురువు చార్లెస్ డెవిల్ కూడా ఎలీ ద బోమాన్‌కు శిష్యుడే. అవతలి పక్షాన ఇంగ్లండులో లయెల్, స్క్రోప్, ఫ్రాన్స్‌లో కాన్స్టాన్ ప్రెవో ఉన్నారు. బూడిద, లావా పొర మీద పొరగా పేరుకోవడం వల్లనే కొండ పెరుగుతుందని వారి వాదం.

ఫూకే సాంటొరినిలో కళ్ళారా చూశాడు. కొత్త దిమ్మ పెరుగుతున్నది, కానీ చుట్టుపక్కల సముద్రపు అడుగు బొబ్బలాగా లేవడం లేదు. లోపలి నుండి వచ్చిన లావాయే గుట్టగా పోగుపడుతున్నది. కొండగోడల్లో పొరలు వెలుపలి వైపుకు ఏటవాలుగా ఉన్నది ఎవరో నెట్టినందువల్ల కాదు, పాత కొండ వాలు మీద లావా అలా పారి గడ్డకట్టినందువల్లనే. గురువుగారి గురువు చెప్పిన సిద్ధాంతం ఇక్కడ నిలవదని ఆయనకు అర్థమైంది. ఉద్యోగాల్లో ఉన్న మనకు ఇటువంటి ఇరకాటం కొత్త కాదు. పైఅధికారి ఒక అభిప్రాయం ముందే ఏర్పరచుకుని ఉంటాడు. మన నమూనా మరోమాట చెబుతుంది. అప్పుడు ఏది రాయాలి? ఫూకే నమూనా చెప్పినదే రాశాడు. ఎవరినీ నిందించకుండా, తాను చూసినదాన్ని కొలతలతో సహా ముందుంచాడు. చార్లెస్ డెవిల్ 1876లో మరణించిన తరువాత కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆయన పీఠానికి 1877లో వచ్చినవాడు ఫూకేయే. నిజం రాసినంత మాత్రాన ఆ దారి ఆయనకు మూసుకుపోలేదన్నమాట.

నురుగురాయి కింద ఊరు

గొయ్యి ఎప్పుడు పడింది, ఎలా పడింది అన్న ప్రశ్నకు సమాధానం అనుకోని చోట దొరికింది.

అప్పుడు సూయెజ్ కాలువ పనులు జరుగుతున్నాయి. సాంటొరినిలో తెల్లని నురుగురాయి, బూడిద పొరలు పదుల మీటర్ల మందాన పరుచుకుని ఉన్నాయి. మడమలు రుద్దుకునే తేలికైన రాయి ఇదే జాతిది. మన పాత కట్టడాల్లో సున్నంలో సుర్ఖీ కలిపినట్లు, ఈ పొడిని సున్నంలో కలిపితే నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. అందుకని తీరేసియా ద్వీపంలో దీనిని పెద్ద ఎత్తున తవ్వి ఓడల్లో ఈజిప్టుకు పంపారు. తవ్వుతూ పోగా పొర అడుగున రాతి గోడలు అడ్డం వచ్చాయి.

ఫూకే 1867లో వాటిని పరిశీలించాడు. తీరా ద్వీపంలోని అక్రోతిరి దగ్గర తాను కూడా తవ్వించి చూశాడు. కలప పెట్టి కట్టిన గోడలు, గింజలు దాచుకున్న కుండలు, రాతి పనిముట్లు, కూలిన ఇంట్లో ఒక మనిషి అస్థిపంజరం. ఆ గోడలు నురుగురాయి మీద కట్టినవి కావు, దాని కింద ఉన్న పాత నేల మీద కట్టినవి. అంటే ఆ మహా విస్ఫోటనానికి ముందే అక్కడ జనం ఉన్నారు, పంటలు పండించుకున్నారు. చరిత్ర గ్రంథాలలో పేరుకూడా లేని ఒక నాగరికత ఆ పొర కింద కప్పబడి ఉందని ప్రపంచానికి తెలియజెప్పిన తొలి శాస్త్రీయ వివరణలలో ఆయనది ఒకటి. సరిగ్గా వందేళ్ళ తరువాత 1967లో గ్రీకు పురావస్తు శాస్త్రజ్ఞుడు స్పిరిడాన్ మరినాటోస్ అక్రోతిరిలో తవ్వకాలు మొదలుపెట్టి, రెండు మూడు అంతస్తుల ఇళ్ళు, రంగుల గోడచిత్రాలు గల పట్టణాన్ని వెలికితీశాడు. ఆ విస్ఫోటనం ఇప్పటికి సుమారు 3,600 సంవత్సరాల నాటిదని నేటి అంచనా.

ఇక గొయ్యి సంగతి. పాత కొండ ఒక్కసారిగా పేలి ఎగిరిపోయి ఉంటే, దాని పాత రాళ్ళ ముక్కలు చుట్టుపక్కల దీవుల మీద గుట్టలుగా పడి ఉండాలి. పైపొరల్లో చూస్తే ఎక్కువ భాగం కొత్తగా వచ్చిన నురుగురాయే, పాత రాళ్ళ ముక్కలు తక్కువ. పోయిన కొండ పరిమాణానికి అవి ఏ మాత్రం సరిపోవు. కాబట్టి కొండ పైకి ఎగిరిపోలేదు, కిందికి కూలిపోయిందన్నది ఫూకే నిర్ణయం. లోపలి శిలాద్రవం బయటకు పోగా, అడుగు ఖాళీ అయి పైకప్పు కుంగిందన్నమాట. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా పేలిన తరువాత డచ్చి ఇంజనీరు వెర్బీక్ కూడా ఇటువంటి నిర్ణయానికే వచ్చాడు. ఫూకే పుస్తకం అంతకు నాలుగేళ్ళ ముందటిది. ఒకే కూలుడుతో కాక, లక్షల ఏళ్ళలో పలుమార్లు కూలి ఈ గంగాళం ఏర్పడిందని తరువాతి పరిశోధనలు చూపాయి. కానీ కూలుడు అన్న మూల భావం నేటికీ నిలిచే ఉంది.

చేటలో చెరిగినట్లు

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆయన ప్రయోగశాల పని.

అప్పటివరకు లావా రాయిని మొత్తంగా పొడి చేసి విశ్లేషించేవారు. సిలికా ఇంత, సున్నం ఇంత, ఇనుము ఇంత అని అంకెలు వచ్చేవి. కానీ రాయి అన్నది ఒకే పదార్థం కాదు. కొన్ని ఖనిజాల స్ఫటికాలు, వాటి నడుమ గడ్డకట్టిన గాజు కలిసి ఉంటాయి. అన్నీ కలిపి విశ్లేషిస్తే, బియ్యం, నూకలు, ఊక, మెరికలు కలిపి తూచినట్లే. చేటలో చెరిగి వేరు చేస్తే గాని దేని పాలు ఎంతో తెలియదు.

రాతిపొడిని చెరగడానికి ఫూకే రెండు ఉపాయాలు వాడాడు. ఒకటి విద్యుదయస్కాంతం. ఇనుము ఉన్న పైరాక్సీన్, మాగ్నెటైట్ వంటి ఖనిజాలను అది లాగేస్తుంది. ఇనుము లేని ఫెల్‌స్పార్ మిగిలిపోతుంది. రెండవది గాఢ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. దానిలో మొదట గాజు, తరువాత ఫెల్‌స్పార్ కరుగుతాయి. ఇనుము ఉన్న ఖనిజాలు ఎక్కువసేపు తట్టుకుంటాయి. సరైన క్షణంలో ఆపి, నీళ్ళతో కడిగితే కావలసిన స్ఫటికాలు శుభ్రంగా చేతికి వస్తాయి. ఈ ఆమ్లంతో పనిచేసినవారికి తెలుసు, చర్మం మీద పడితే ఎముక దాకా తినేస్తుంది. నేటి రబ్బరు తొడుగులు, పొగగూళ్ళు లేని రోజుల్లో ఆయన ఈ పని చేశాడు.

అలా వేరుచేసిన ఖనిజాలను విడివిడిగా విశ్లేషించగా కొత్త విషయాలు బయటపడ్డాయి. ఒక లావాలో ఒకే రకం ఫెల్‌స్పార్ ఉంటుందని అనుకునేవారు. సాంటొరిని లావాలో సున్నం ఎక్కువ ఉన్నవీ, సోడా ఎక్కువ ఉన్నవీ, పలు రకాల ఫెల్‌స్పార్‌లు పక్కపక్కనే ఉన్నాయని ఆయన చూపాడు. సిలికా ఎక్కువగా ఉన్న 1866 నాటి లావాలో అక్కడక్కడ సున్నం బాగా ఉన్న అనార్థైట్ ఫెల్‌స్పార్‌తో కూడిన వేరు రకపు ముద్దలు కూడా చిక్కుకుని ఉండటం గమనించాడు. అవి ఆ లావాలో ఎందుకు ఉన్నాయన్న ప్రశ్న తరువాతి తరాలకు పెద్ద పని పెట్టింది.

పలుచటి రాతి పలకను కాగితం కన్నా సన్నగా అరగదీసి మైక్రోస్కోపు కింద చూసే పద్ధతిని ఇంగ్లండులో సార్బీ మొదలుపెట్టాడు, జర్మనీలో జిర్కెల్ పెంచాడు. ఫ్రాన్స్‌కు దానిని తెచ్చినవాడు ఫూకే. ఆయనకు ఇందులో తోడు నిలిచినవాడు గనుల ఇంజనీరు ఆగస్ట్ మిషెల్ లెవీ. ఫూకే కన్నా పదహారేళ్ళు చిన్నవాడు. రసాయనం పెద్దాయనకు, కాంతిశాస్త్రం చిన్నాయనకు బాగా వచ్చు. ఇద్దరి పేర్లూ కలిపి 1879లో సూక్ష్మ ఖనిజశాస్త్ర గ్రంథం వెలువడింది. అదే సంవత్సరం ఫూకే ఒక్కడి పేర సాంటొరిని విస్ఫోటనాల మీద బృహద్గ్రంథం వచ్చింది. మొదటి ప్రయాణానికీ పుస్తకానికీ మధ్య పదమూడేళ్ళు గడిచాయి. ఆయన వయస్సు అప్పటికి యాభై ఒకటి.

కుంపటిలో రాయి

మైక్రోస్కోపులో ఆయనకు కనిపించిన మరో విషయం, లావాలో పెద్ద స్ఫటికాలు కొన్ని, వాటి చుట్టూ సన్నని స్ఫటికాలు అనేకం ఉండటం. పటికబెల్లం తయారీ చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పాకం నిదానంగా చల్లారితే పెద్ద పలుకులు, తొందరగా చల్లారితే సన్నని పలుకులు. లావా కూడా భూమి లోపల ఉన్నప్పుడు నిదానంగా పెద్ద స్ఫటికాలను కడుతుంది. పైకి వచ్చి చల్లారేటప్పుడు మిగిలిన ద్రవం సన్నని స్ఫటికాలుగా, గాజుగా గడ్డకడుతుంది. రెండు విడతల కథ ఒకే రాయిలో రాసి ఉందన్నమాట.

ఇది నిజమైతే కొలిమిలో కూడా చేసి చూపాలి. ఫూకే, మిషెల్ లెవీ ఆ పనికి పూనుకున్నారు. ప్లాటినం మూసలో బసాల్ట్ రాయికి కావలసిన పదార్థాలను కరిగించి గాజుగా చేశారు. తరువాత దానిని ఎర్రని తెల్లదనంలో 48 గంటలు ఉంచితే ఆలివిన్ స్ఫటికాలు పుట్టాయి. వేడి తగ్గించి మరో 48 గంటలు ఉంచితే ఆజైట్, ఫెల్‌స్పార్, మాగ్నెటైట్ పుట్టాయి. తీసి అరగదీసి చూస్తే, ప్రకృతిలోని బసాల్ట్‌కూ దీనికీ తేడా చెప్పడం కష్టమైంది. నీరు గాని, అద్భుత శక్తులు గాని అక్కరలేకుండా, వేడి, కాలం ఈ రెండే చాలునని రుజువైంది. మన రాష్ట్రాల్లో వికారాబాద్, ఆదిలాబాద్ వైపున ఉన్న నల్లరాయి, రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీలలోని నల్లరాయి కూడా బసాల్టే. రోడ్డు మీద పరిచే ఆ కంకర ముక్కలో కూడా ఇదే ఆజైట్, ఇదే ఫెల్‌స్పార్.

అన్నీ విజయాలే కాలేదు. ఇదే పద్ధతిలో గ్రానైట్ చేయాలని చూస్తే కుదరలేదు. క్వార్ట్జ్, అభ్రకం కలిసిన రాళ్ళు పొడి కొలిమికి లొంగలేదు. ఆ వైఫల్యాన్ని వారు దాచిపెట్టలేదు. 1882లో వచ్చిన ఖనిజ, శిలల సంశ్లేషణ గ్రంథంలో ఏవి సాధ్యమయ్యాయో, ఏవి కాలేదో రెండూ ఉన్నాయి. గ్రానైట్ పుట్టుకలో ఒత్తిడితో కూడిన నీటి పాత్ర ఎంతో తరువాతి వారు తేల్చారు. కుదరలేదని రాయడం కూడా శాస్త్రంలో ఒక సేవే.

ఇల్లు, శిష్యుడు, చివరి సంవత్సరాలు

1881లో ఫూకే శాస్త్ర అకాడమీ సభ్యుడయ్యాడు. 1884 డిసెంబరు 25న స్పెయిన్‌లోని అండలూసియాలో పెద్ద భూకంపం వచ్చి వందలమంది చనిపోయారు. అకాడమీ పంపిన పరిశీలక బృందానికి ఫూకే నాయకత్వం వహించాడు. తిరిగి వచ్చాక, ఏ నేలలో ప్రకంపనలు ఎంత వేగంగా పోతాయో మిషెల్ లెవీతో కలిసి ప్రయోగాలు చేశాడు. గట్టి రాతిలో వేగం ఎక్కువ, వదులు నేలలో తక్కువ అని కొలిచి చెప్పాడు.

ఆయన ఉపన్యాసాలకు మాకాన్ పట్టణం నుండి వచ్చిన ఒక యువకుడు హాజరయ్యేవాడు. పేరు ఆల్ఫ్రెడ్ లక్రువా. ఫార్మసీ చదవడానికి పారిస్ వచ్చి ఖనిజాల మోజులో పడ్డాడు. ఫూకే కుమార్తె కేథరిన్‌ను పెళ్ళాడాలని కోరుకున్నాడు. డాక్టరేటు పూర్తయ్యాకే పెళ్ళి అని కాబోయే మామగారు షరతు పెట్టాడు. 1889లో డాక్టరేటూ వచ్చింది, పెళ్ళీ జరిగింది. మనకు ఆసక్తి కలిగించే విషయం ఏమిటంటే, ఆ పరిశోధనలో ఒక భాగం మన పొరుగున ఉన్న సేలం ప్రాంతపు రాళ్ళ మీద, సింహళ ద్వీపపు రాళ్ళ మీద. తరువాత లక్రువా 1902లో మార్టినిక్ ద్వీపంలో పెలే అగ్నిపర్వతం సెయింట్ పియర్ పట్టణాన్ని నాశనం చేసినప్పుడు భార్యతో సహా వెళ్ళి పరిశీలించి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మామగారి పద్ధతే అల్లుడి పద్ధతి. ముందు చూడు, నమూనా తీసుకో, ఖనిజాలు వేరుచెయ్యి, ఆ తరువాతే మాట్లాడు.

ఫూకే చివరి వరకు ఫెల్‌స్పార్‌లను వదలలేదు. అగ్నిపర్వత శిలల ఫెల్‌స్పార్‌ల మీద ఆయన పెద్ద గ్రంథం 1894లో వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు అరవై ఆరు. పది సంవత్సరాల తరువాత 1904 మార్చి 7న కన్నుమూశాడు. ఆ సంవత్సరమే అల్లుడు అకాడమీ సభ్యుడయ్యాడు.

మిగిలిన ఫలం

ఒకే గంగాళంలో సిలికా తక్కువ ఉన్న నల్లని లావా, ఎక్కువ ఉన్న లేత రంగు లావా రెండూ ఎందుకు ఉంటాయి? మొదట గడ్డకట్టే ఖనిజాలు ఇనుము, మెగ్నీషియం, సున్నం తీసుకుపోతాయి. మిగిలిన ద్రవంలో సిలికా పాలు పెరుగుతుంది. ఈ సూత్రాన్ని అమెరికాలో బోవెన్ ప్రయోగాలతో నిలబెట్టి 1928లో గ్రంథం రాశాడు. రెండు వేర్వేరు శిలాద్రవాలు కలిసిపోయి మూడోది పుట్టడం కూడా ఉంటుందని తరువాత తేలింది. ఫూకే చూసిన ఆ వింత ముద్దల వంటి వాటిని నేటివారు ఈ కోణంలోనే పరిశీలిస్తున్నారు.

1951లో పారిస్‌లోనే కాస్టెంగ్ అనే శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ కిరణంతో ఒక్కొక్క స్ఫటికంలో చుక్క చుక్కకూ రసాయన కూర్పు కొలిచే యంత్రాన్ని తన డాక్టరేటు పరిశోధనగా సమర్పించాడు. ఆమ్లంతో ఫూకే వారాల తరబడి చేసిన పని ఇప్పుడు నిమిషాల్లో అవుతున్నది. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సాంటొరిని మహా విస్ఫోటనం నాటి ఫెల్‌స్పార్ స్ఫటికాలలోని వలయాలను చెట్టు కాండంలోని వలయాలు చదివినట్లు చదివారు. అప్పుడు బయటపడిన శిలాద్రవంలో పెద్ద భాగం విస్ఫోటనానికి ముందు సుమారు వంద సంవత్సరాలలోపే పైగదిలోకి వచ్చి చేరిందని, చివరి నెలల వరకూ చేరుతూనే ఉందని తేల్చారు. వేలాది ఏళ్ళు నిద్రపోయిన కొండ ఒక మనిషి తరం లేదా రెండు తరాలలోనే మేల్కొనగలదన్నమాట. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సాంటొరిని పరిసరాల్లో వరుసగా భూప్రకంపనలు వచ్చి వేలాది మంది ద్వీపం విడిచి వెళ్ళినప్పుడు ఈ లెక్కల విలువ అందరికీ తెలిసివచ్చింది. అక్కడ నిద్రపోయే పిల్లల క్షేమం, ఒక ఫెల్‌స్పార్ పలుకును ఎవరో సరిగా చదవడం మీద కూడా ఆధారపడి ఉంది.

మిత్రులారా, మనలో ఎవరూ ఫూకే అంతటివారం కాకపోవచ్చు. కానీ మనం అంటించిన చీటీలు, రాసిన రిజిస్టర్లు, కట్టిన శాతాలు ఎక్కడో బీరువాల్లో ఉన్నాయి. ఎప్పుడో ఒక కుర్రవాడు వచ్చి వాటిని తెరుస్తాడు. అప్పుడు మన అంకె నిజాయితీగా ఉంటే అదే మనకు నిలిచిపోయే పింఛను. ఫూకే రాసిపెట్టిన అంకెలు నూట నలభై ఏళ్ళు దాటినా ఇంకా పనికివస్తున్నాయి. ఆయనకు మనం చేయగల నమస్కారం ఒక్కటే. ఇంట్లో మనుమడో మనుమరాలో దారిన ఏరుకొచ్చిన నల్లరాయి చూపించి ఇదేమిటని అడిగినప్పుడు, విసుక్కోకుండా భూతద్దం తీసి పక్కన కూర్చుందాం.